కాదన్న మాట, ఔనన్న గొంతులు

‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’. 1975 వేసవిలో ఇంగ్లండులో మొదటి స్థానానికి చేరిన పాట. పాడింది టెన్ సీసీ అనే నలుగురు కుర్రాళ్ల బృందం: ఎరిక్ స్టువర్ట్, గ్రాహమ్ గోల్డ్‌మన్, కెవిన్ గాడ్లీ, లాల్ క్రీమ్. ప్రేమ పాటల్లో ఇంత నెమ్మదైనదీ, ఇంత వింతగా తయారైనదీ మరొకటి నాకు తెలియదు. ఈ పాట నిలిచింది రాసినవాళ్ల వల్లనా, రికార్డు చేసిన తీరు వల్లనా అని మా ఇంట్లో ఇద్దరికి చాలాకాలంగా పేచీ. మావయ్య మద్రాసులోనూ తర్వాత హైదరాబాదులోనూ రికార్డింగ్ థియేటర్లలో సౌండ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. అక్క పాటలు రాస్తుంది. మొన్న పండక్కి ఇద్దరూ కలిశారు. వాళ్ల మాటలు ఇక్కడ రాస్తున్నాను. నా మాట చివర చెబుతాను.

అక్క: ముందే చెబుతున్నా మావయ్యా, పాటంటే మాట, వరస. ఈ రెండూ కుదిరితే పాట కుదిరినట్టే. మిగతాదంతా పైమెరుగు. ఎరిక్ స్టువర్ట్ ఈ పాట ఎందుకు రాశాడో నీకూ తెలుసు. పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ప్రేమిస్తున్నానని ఎందుకు తరచు చెప్పవని భార్య అడిగింది. రోజూ చెబితే ఆ మాటకి విలువ పోతుందని ఆయన అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు. కాదు కాదంటూనే ఔనని తెలిసిపోయేలా ఎలా చెప్పాలా అని వెతికాడు. ఆ ఎత్తుగడ దొరికినప్పుడే పాట అయిపోయింది. మీ టేపులూ మైకులూ ఆ తర్వాతి సంగతి.

మావయ్య: అయిపోయిందంటున్నావు. నిజంగానే అయిపోయింది, వాళ్లే దాన్ని చెరిపేశారు! స్టువర్ట్, గ్రాహమ్ గోల్డ్‌మన్ కలిసి కూర్చుని కట్టిన పాట అది. గోల్డ్‌మన్ అంటే తక్కువవాడు కాదు. అప్పటికే హోలీస్ బృందానికి ‘బస్ స్టాప్’, యార్డ్‌బర్డ్స్‌కి ‘ఫర్ యువర్ లవ్’ రాసిచ్చిన చెయ్యి. ఇద్దరూ కలిసి దీన్ని మొదట బోసా నోవా నడకలో పెట్టారు. బ్రెజిల్ వాళ్ల లయ, తేలిగ్గా ఊగుతూ పోతుంది. నలుగురూ వాయించి రికార్డు చేశారు. విన్నారు. కెవిన్ గాడ్లీకి బొత్తిగా నచ్చలేదు, మొహమాటం లేకుండా చెప్పేశాడు. పాట పక్కకి పోయింది, టేపు మీద చెరిపేశారు. మాట అదే, వరసా అదే కదా అమ్మాయ్. మరెందుకు నిలవలేదు?

అక్క: తర్వాతి సంగతి మింగేశావు. టేపు పోయాక స్టూడియో ఆఫీసులో పనిచేసేవాళ్లు ఆ వరసే కూనిరాగం తీస్తూ తిరిగారు. వాయిద్యం లేదు, రికార్డు లేదు, నువ్వు చెప్పబోయే గొంతుల గోడ అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు. అయినా పాట మనుషుల నోళ్లలో ఉంది. అది విన్నాకే ఆ నలుగురూ మళ్లీ దాని జోలికి వెళ్లారు. పాట తనంతట తాను బతకగలదనడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

మావయ్య: వరసలో బలముందని ఒప్పుకుంటా. కూనిరాగానికి చాలినంత బలం. అలాంటి వరసలు నా చేతుల మీదుగా వందలు వెళ్లాయి. రికార్డింగ్ రోజున థియేటర్లో ఆఫీసు బాయ్‌తో సహా అందరూ పాడుకున్నవే. సినిమా విడుదలయ్యాక వాటిని ఎవరూ పాడలేదు. సరే, మళ్లీ ఆ పాట జోలికి వెళ్లారన్నావు. వెళ్లినప్పుడు దారి చూపించింది ఎవరు? అదే గాడ్లీ. చేస్తే వాయిద్యాలు పక్కన పెట్టి గొంతులతోనే చేద్దామన్నాడు. పాట నచ్చనివాడు ఇచ్చిన సలహా అది.

అక్క: నచ్చనివాడికే ఎందుకు తట్టింది?

మావయ్య: నచ్చినవాడు ఉన్నదాన్ని కాపాడుకోవాలని చూస్తాడు. వాడికి కాపాడుకోవలసిందేం లేదు. ఒకటి చెప్పనా, నా అనుభవంలోనూ అంతే. ట్యూను మీద మోజుపడ్డవాళ్లు దాని చుట్టూ వయొలిన్లు పేరుస్తారు. దాని మీద విసుగున్నవాడే తీసేద్దాం, మార్చేద్దాం అంటాడు.

అక్క: గొంతులే కావాలంటే ఓ కోరస్‌ని పిలిస్తే సరిపోయేదిగా. మన దగ్గర ఎన్ని పాటలకి కోరస్ లేదు?

మావయ్య: అక్కడికే వస్తున్నా. కోరస్ అంటే మనుషులు. మనుషులు ఊపిరి తీసుకుంటారు. ఊపిరి తీసుకున్న చోట స్వరం తెగుతుంది. వాళ్లకి కావలసింది తెగని ‘ఆ’కారం. పాట మొదటినుంచి చివరిదాకా ఆగకుండా పరుచుకుని ఉండాలి. అప్పుడు లాల్ క్రీమ్ టేపు లూపుల ఉపాయం చెప్పాడు. పాడిన స్వరం టేపు మీద ఉంటుందా, ఆ ముక్కని కత్తిరించి రెండు కొసలూ అతికిస్తే అది చక్రమవుతుంది. మిషను మీద తిప్పితే స్వరం ఎంతసేపైనా వస్తుంది. కాకపోతే అతుకు హెడ్ మీదుగా దాటిన ప్రతిసారీ చిన్న చప్పుడు వస్తుంది. చక్రం పొట్టిదైతే ఆ చప్పుడు తాళం వేసినట్టు పదేపదే వినబడి ప్రాణం తీస్తుంది. అందుకని దాదాపు పన్నెండడుగుల టేపుతో చేశారు. అంత పొడుగు మిషను మీద పట్టదు. మిషనులోంచి బయటికి లాగి, దూరంగా నిలబెట్టిన మైకు స్టాండు చుట్టూ తిప్పి, మళ్లీ మిషనులోకి పంపారు. ఈ పని చెయ్యాలంటే చేతికి ఓపిక ఉండాలి. టేపు కాస్త వదులైతే శ్రుతి జారుతుంది, బిగిస్తే మిషను మొరాయిస్తుంది.

అక్క: సరే, ఎవరు పాడారు?

మావయ్య: స్టువర్ట్ మిక్సింగ్ బల్ల దగ్గర కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ, గాడ్లీ, క్రీమ్, గోల్డ్‌మన్, మైకు ముందు నిలబడ్డారు. ఒక్కొక్క స్వరాన్ని 16 సార్లు పాడారు. ముగ్గురు పదహారుసార్లంటే స్వరానికి 48 గొంతులు. అలా మన లెక్కలో పన్నెండు స్వరస్థానాలూ, పై షడ్జమూ, మొత్తం 13. గుణిస్తే 624. ఈ ‘ఆ’కారాలు పాడి పోగెయ్యడానికే మూడు వారాలు పట్టింది. పాడే మాటేం లేదు, భావం లేదు, గమకం లేదు. పొద్దున లేచి నిన్నటి స్వరానికి పైన అర మెట్టు పట్టుకుని మళ్లీ ‘ఆ’ అనడమే.

అక్క: వింటుంటే జాలేస్తోంది.

మావయ్య: జాలెందుకు! అసలు విశేషం ఆ తర్వాతుంది. ఒక్కొక్క స్వరాన్ని ఒక్కొక్క ట్రాకు మీద ఎక్కించారు. బల్ల మీద, శబ్దం పెంచీ తగ్గించీ జరిపే ఒక్కో మీట (ఫేడర్) కింద ఒక్కో స్వరం. ఏ స్వరాల కలయిక (కార్డ్) కావాలంటే ఆ స్వరాల ఫేడర్లు మెల్లగా పైకి లేపాలి, మిగతావి దించాలి. నలుగురూ బల్ల ముందు నిలబడి, తలా కొన్ని ఫేడర్లు పట్టుకుని, పాట నడుస్తుంటే వాయించారు. అవును, వాయించారనే అంటాను. మిక్సింగ్ బల్లని వాయిద్యం చేశారు. ఇంకో గమ్మత్తుంది. ఫేడర్లు పూర్తిగా కిందికి పోకుండా అడుగున టేపు ముక్క అంటించారు. అంటే పాటలో ఏ క్షణం తీసుకున్నా పన్నెండు స్వరాలూ సన్నగా మోగుతూనే ఉంటాయి.

అక్క: పన్నెండూ ఒకేసారి మోగితే అపస్వరం కాదూ?

మావయ్య: మన చెవి లెక్కలో అపస్వరమే. కానీ అంత సన్నగా ఉంటే అపస్వరంగా తెలియదు. ఏదో ఉంది, స్థిమితంగా లేదు అనిపిస్తుంది. పైకి నిబ్బరంగా మాట్లాడుతున్న మనిషి లోపల నిబ్బరంగా లేడని చెప్పడానికి అంతకంటే మంచి ఉపాయం నాకు తట్టదు. ఆ రోజుల్లో వాళ్ల దగ్గరున్నది 16 ట్రాకుల మిషను. స్వరాలకే చాలామటుకు నిండిపోయింది. అందుకని ఆ గొంతులన్నిటినీ రెండు ట్రాకులకి దించి, ఖాళీ అయిన చోట మిగతాది చేసుకున్నారు. స్టువర్ట్ ఎలక్ట్రిక్ పియానో, గోల్డ్‌మన్ గిటారు, గాడ్లీ మూగ్ సింథసైజర్ మీద గుండె కొట్టుకున్నట్టు ఒక మెత్తని దెబ్బ. డ్రమ్ముల సెట్టే లేదు.

(ఇక్కడ నేను కలగజేసుకోవాలి. 48 గొంతులన్న మాట మావయ్య చెప్పినప్పుడు అక్క ముఖంలో కనబడింది మెచ్చుకోలు కాదు, అనుమానం. ఆ అనుమానం నాకూ ఉండేది. అందుకే ఆమె తర్వాతి ప్రశ్న నాకు ముఖ్యమనిపించింది.)

అక్క: నాకు ఈ లెక్కలంటేనే భయం మావయ్యా. 624 అని నువ్వు గర్వంగా చెబుతున్నావు. గొంతుల సంఖ్య పెరిగితే బాధ పెరుగుతుందా? ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడు ఒక్క మీట నొక్కి వెయ్యి గొంతులు తెస్తాడు. శ్రుతి కూడా వాడే సరిచేస్తాడు. నా పాటలకీ చేస్తున్నారు. వాటిలో ఎన్ని నిలుస్తున్నాయి? పోయినేడాది నేను రాసిన ఒక చరణంలో ఒక మాట కోసం చాలా తన్నుకున్నాను. మిక్స్ అయ్యి వచ్చాక ఆ మాట వినబడలేదు. దాని మీద గొంతులు కుమ్మరించారు. రాసినదాన్ని నేనే గుర్తుపట్టలేకపోయాను. టెక్నిక్ గొప్పదన్న వాదన చివరికి చేరేది అక్కడికే.

మావయ్య: నీ కోపం న్యాయమే. కానీ దానికీ దీనికీ ముడిపెట్టకు. వెయ్యి గొంతులని నువ్వన్నది ఒక్క గొంతుకి వెయ్యి నకళ్లు. అది పెద్దదవుతుందంతే, ఎక్కువవదు. ఈ ముగ్గురూ పదహారుసార్లు పాడితే ఏ రెండుసార్లూ ఒకలా రాలేదు. ఒకసారి వెంట్రుకవాసి పైన, ఒకసారి కింద. ఒకసారి అలసట, ఒకసారి ఉత్సాహం. ఆ తేడాలన్నీ కలిస్తేనే ఆ మెత్తదనం. సరిచేస్తే చచ్చిపోయేది. అన్నిటికంటే ముఖ్యం, వాళ్లు గొంతుల్ని మాట మీద కుమ్మరించలేదు. స్టువర్ట్ పాడుతుంటే ప్రతి అక్షరం వినబడుతుంది. గొంతులు వెనకే నిలబడ్డాయి.

అక్క: ప్రతి అక్షరం వినబడాల్సిన పాట అన్నావు. అదీ నా మాట. వినబడాల్సిన అక్షరం ఉంది కాబట్టే వెనక నిలబడ్డాయి. నాకు ఆ రచనలో నచ్చింది ఏమిటంటే, ఆ మనిషి చెప్పే సాకులు. గోడ మీద ఆమె ఫొటో ఉంది. ఎందుకుందంటే దానికీ ఓ కారణం చెబుతాడు, గోడ మీది మచ్చ కనబడకుండా అని. ఫోన్ చేసినంత మాత్రాన ఏదో అనుకోవద్దంటాడు. మన ఆలంకారికులు దీన్నే వ్యాజోక్తి అన్నారు. బయటపడిపోయిన భావాన్ని సాకుతో కప్పుకోవడం. క్షేత్రయ్య నాయికలు చేసేది చాలాసార్లు అదే కదా. మువ్వగోపాలుణ్ని ఇక రావద్దంటారు, వాడితో నాకేమిటంటారు. అంటున్నకొద్దీ వాడు లేకుండా ఆమెకి గడవదని మనకి తెలిసిపోతుంటుంది. మూడు వందల యాభై ఏళ్ల కిందటే మన పదాల్లో పండిన భావం. దానికి టేపు లూపులు అవసరం రాలేదు.

మావయ్య: క్షేత్రయ్యని నువ్వే తెచ్చావు, సంతోషం. పదాన్ని కాగితం మీద చదువు. కోపంగా ఉంది, పొమ్మంటోంది అనిపిస్తుంది. అదే పదాన్ని అభినయంలో చూడు. నోరు పొమ్మంటుంది, కన్ను గుమ్మం వైపు చూస్తుంది. ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ పట్టి, ఒక్కోసారి ఒక్కో సంచారితో ఆ పొమ్మనడంలో ఎంత రమ్మనడం ఉందో చూపిస్తారు. అభినయం లేని పదం సగం పదం. ఔనా?

అక్క: ఔను.

మావయ్య: ఈ పాటలో అభినయం ఎవరు చేస్తున్నారు? స్టువర్ట్ చెయ్యడు. అతని గొంతు చూడు, ఎంత పొడిగా ఉందో. ఎక్కడా ఒణకడు, సాగదియ్యడు, ఏడవడు. మాటలూ అంతే, కాదు కాదనే అంటాయి. కాగితం మీద చదివితే ఒక అహంకారి రాసిన ఉత్తరం. ఔను అంటున్నది వెనకున్న ఆ ఆరువందల పైచిలుకు గొంతులే. అతను కాదన్న ప్రతిసారీ అవి ఉబికి వస్తాయి. బోసా నోవా నడకలో ఆ పని చేసేవాళ్లెవరూ లేరు. అక్కడ మాట కాదంటోంది, లయ కూడా హాయిగా ఊగుతూ నాకేం పట్టలేదంటోంది. ఇద్దరూ ఒకటే చెబితే వ్యాజోక్తి ఎక్కడుంది? వాడు నిజంగానే ప్రేమించట్లేదని వినేవాళ్లు నమ్మేస్తారు. అందుకే ఆ టేపు పోయింది.

(అక్క కాసేపు మాట్లాడలేదు. వాళ్లిద్దరి వాదంలో మావయ్య అన్న ఈ మాట నేను అంతకుముందు వినలేదు.)

అక్క: ఇది ఒప్పుకుంటాను. పూర్తిగా కాదు. ఎందుకంటే పాటకి నడుమ ఒక ఆడగొంతు గుసగుసగా మాట్లాడుతుంది. ఏడవకూడదని పెద్ద కుర్రాణ్ని ఊరడిస్తున్నట్టు. నువ్వు చెప్పిన ఆరువందల గొంతులూ మూడు వారాలు చేసిన పనిని అది కొన్ని క్షణాల్లో చేసింది. ప్రేమించనివాణ్ని ఓదార్చాల్సిన అవసరమేముంది? ఆ ఒక్క ఓదార్పు మాటతో వాడి అబద్ధం దొరికిపోయింది. మాటే దొరకబుచ్చింది మావయ్యా. గొంతుల గోడ కాదు.

మావయ్య: ఆ గొంతు ఎలా దొరికిందో గుర్తుందా? నడిమి భాగం ఖాళీగా ఉంది. గోల్డ్‌మన్ బేస్ గిటారు మీద ఒక బిట్ వాయించాడు, ఆటబొమ్మ మ్యూజిక్ బాక్సు చప్పుడూ పెట్టారు. ఇంకేదో కావాలి. అప్పుడు స్టూడియో రిసెప్షన్లో పనిచేసే అమ్మాయి తలుపు సందులోంచి తొంగిచూసి, రికార్డింగ్‌కి అడ్డం రాకూడదని గుసగుసగా, ఎరిక్, మీకు ఫోనొచ్చిందని చెప్పింది. క్రీమ్ ఆ గొంతే కావాలన్నాడు. ఆమె బెదిరిపోయింది, నేను పాడేదాన్ని కాదంది. పాడక్కర్లేదు, ఇందాకటిలాగే మాట్లాడమన్నారు. ఆమె వృత్తి గాయని అయ్యుంటే ఆ గుసగుస పనికొచ్చేది కాదు. అది మాట వల్ల వచ్చిన ఓదార్పు కాదు, గొంతు వల్ల వచ్చింది. ఆ మాటే స్టువర్ట్ అనుంటే నవ్వొచ్చేది.

అక్క: ఇక్కడ మనమిద్దరం తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాం. సరే, విజయం సంగతి చూద్దాం. జనం దేన్ని కొన్నారు? పాట ఆరు నిమిషాలు. ఆల్బమ్‌లోంచి మొదట సింగిల్‌గా వదిలింది దీన్ని కాదు, ‘లైఫ్ ఈజ్ ఎ మినెస్ట్రోన్’ని. ఇంత పొడుగు పాట రేడియోలో నడవదని సంకోచించారు. 1975 మేలో ఇది వచ్చింది, జూన్ చివరికి ఇంగ్లండులో మొదటి స్థానం, రెండు వారాలు అక్కడే. అమెరికాలో మూడు వారాలు రెండో స్థానంలో నిలబడిపోయింది. ఆ మూడు వారాలూ దాని నెత్తిన మూడు వేరువేరు పాటలు. వ్యాన్ మెకాయ్ ‘ద హసల్’, ఈగిల్స్ ‘వన్ ఆఫ్ దీజ్ నైట్స్’, బీజీస్ ‘జైవ్ టాకిన్’. వాటిలో రెండు చిందులేయించే పాటలు. డిస్కో ఊపందుకుంటున్న వేసవిలో, డ్రమ్ములు లేని ఈ నెమ్మది పాట వాటి పక్కన నిలబడింది. అదీ అమెరికాలో నాలుగు నిమిషాల లోపుకి కోసేసిన రూపంతో! నీ గొంతుల గోడలో ఎంత కోసేసినా పాట చావలేదంటే మాటా వరసా కాపాడాయనే కదా.

మావయ్య: కోస్తే పొడుగు తగ్గింది, గోడ తగ్గలేదు. మొదటి క్షణంలోనే ఆ ‘ఆ’కారం వస్తుంది. రేడియోలో పాట మారితే చెయ్యి నాబ్ మీదికి పోతుంది. దీనికి పోలేదు. అంతకుముందు అలాంటి చప్పుడు ఎవరూ విని ఉండలేదు. జనం సంగతి వదిలెయ్, కంపెనీవాళ్ల సంగతి చూడు. అప్పటిదాకా టెన్ సీసీ జొనాథన్ కింగ్ నడిపే యూకే రికార్డ్స్‌లో ఉంది. డబ్బు పెద్దగా లేదు. ఫోనోగ్రామ్ అనే పెద్ద రికార్డు కంపెనీవాళ్లకి ఈ పాట వినిపించారు. అది విన్నాకే పెద్ద ఒప్పందం కుదిరింది. వాళ్లకి వినిపించింది కాగితం మీది సాహిత్యం కాదు, టేపు.

అక్క: పాడిన టేపు.

మావయ్య: పాడిన టేపే. కానీ నిజమైన కారణం ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పాటల పుస్తకాల్లో రాయరు. స్టూడియో వాళ్లది. మాంచెస్టరు పక్కన స్టాక్‌పోర్ట్ అనే ఊళ్లో స్ట్రాబెర్రీ స్టూడియోస్. బీటిల్స్ పాట మీది ప్రేమతో స్టువర్టే ఆ పేరు పెట్టాడు, అందులో అతనికి భాగం ఉండేది. లండన్‌కి దూరం, పెద్ద కంపెనీల కంటికి దూరం. మీటరు తిరగదు. మూడు వారాలు ‘ఆ’ అంటూ కూర్చుంటే అద్దె ఎవరు కడతారని అడిగేవాడు లేడు. మద్రాసులో మాకు కాల్‌షీటు. వయొలిన్ల వాళ్లు గడియారం చూస్తుంటారు, నిర్మాత ప్రొడక్షన్ మేనేజరు తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. గాయకుడు, ఆర్కెస్ట్రా అందరూ ఒకేసారి, తబలా తడబడితే మొదటినుంచి. అలాంటి ఒత్తిడిలోనూ మహానుభావులు అద్భుతాలు చేశారు, కాదనను. కానీ చెరిపేసిన పాటని మళ్లీ తీసి, ఇంకోలా చేసి చూద్దామా అని అడిగే తీరిక మాకు ఏ రోజూ దొరకలేదు. ఎన్ని పాటలు అలా పోయాయో. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అక్క: ఇది నాకూ ఉంది మావయ్యా. నాకు సాయంత్రం ట్యూను పంపిస్తారు, తెల్లారేసరికి పల్లవి కావాలంటారు. తీరిక దొరికితే మాటా మారుతుంది. ఈ విషయంలో మనిద్దరిదీ ఒకే పక్షం.

మావయ్య: అయితే ఇంకో విషయంలోనూ రా. రికార్డు మీద ఈ పాట రచయితలుగా ఉన్నవి రెండే పేర్లు, స్టువర్ట్, గోల్డ్‌మన్. 1976లో ఐవర్ నొవెల్లో అవార్డులు మూడొచ్చాయి ఈ పాటకి. పాటలు కట్టేవాళ్లకిచ్చే బహుమతులవి. గొంతులతో చేద్దామన్న గాడ్లీ, లూపుల ఉపాయం చెప్పిన క్రీమ్, ఇద్దరూ ఆ ఏడాదే బృందం విడిచి వెళ్లిపోయారు. ప్రొడ్యూసర్‌గా బృందం పేరుంది, నిజమే. కానీ పాట పాటైంది వాళ్లిద్దరి ఆలోచన వల్లయితే, దాని కర్తల్లో వాళ్లెందుకు లేరు?

అక్క: ఇక్కడ మాత్రం నేను కదలను. ఎందుకో విను. మన దగ్గర పాట రాసినవాడికీ ట్యూను కట్టినవాడికీ రాయల్టీ మీద విడదీయలేని హక్కు చట్టంలోకి వచ్చింది 2012లో. కాపీరైటు చట్టానికి సవరణ. దాని కోసం పార్లమెంటులో జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డాడు. అంతకుముందు ఒక్కసారి డబ్బిచ్చి అన్ని హక్కులూ రాయించేసుకునేవారు. పాట రేడియోలో మోగినా, టీవీలో మోగినా, పెళ్లిళ్లలో మోగినా రాసినవాడి ఇంట్లో పొయ్యి వెలగని రోజులుండేవి. ఎంత పేరున్న కవులైనా అంతే. ఇప్పుడైనా ఆ హక్కు మాట రాసినవాడికీ వరస కట్టినవాడికీ ఎందుకు దక్కింది? మాటనీ వరసనీ ఇది ఫలానావారిదని గీత గీసి చూపించగలం కాబట్టి. చప్పుడుకి అలా గీత గియ్యలేం. లూపు ఆలోచన ఒకడిది, ఫేడర్ మీద చెయ్యి ఇంకొకడిది, గుసగుస ఇంకొకరిది. అందరూ కర్తలే అన్న రోజున, అందరి తరఫునా సంతకం పెట్టేది మళ్లీ నిర్మాతే.

మావయ్య: గాయకులకీ అదే సవరణలో వాటా వచ్చిందిగా.

అక్క: వచ్చింది. ప్రదర్శకుల హక్కుగా, వేరుగా వచ్చింది. మీకూ అలా వేరుగా అడుగు, నేను నీ వెనక నిలబడతాను. నా వాటాలోంచి అడగొద్దు. ఇంకోటి, ఈ పాట ఎవరెవరు పాడారో చూడు. 1990లో విల్ టు పవర్ పాడితే అమెరికాలో మొదటి పది పాటల్లోకి వెళ్లింది. 2001లో టోరీ ఏమస్ పాడింది, 2015లో డయానా క్రాల్ పాడింది. ఎవరి దగ్గరా ఆ 624 గొంతులు లేవు. పాట ఉంది.

మావయ్య: ఉంది. 2014లో ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’ సినిమా మొదలయ్యేది ఈ పాటతో. ఆసుపత్రి వరండాలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న పిల్లవాడు, లోపల చావుబతుకుల్లో తల్లి. దర్శకుడు ఏ రికార్డు తీసుకున్నాడు? నువ్వు చెప్పినవాళ్లలో ఎవరిదీ కాదు. 1975 నాటిదే. ఆ సినిమా పాటల ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది, అందులో అన్నీ పాత రికార్డులే. ఆ పిల్లవాడు కూడా ఏదో ఒప్పుకోలేకపోతున్నాడు కదమ్మా. వాడు నోరు విప్పి ఒక్క మాటా అనక్కర్లేదు, ఆ గొంతులు చాలు.

అక్క: ఆ పాటలో వాడు కాదు కాదంటున్నాడని తెలిస్తేనే చాలు మావయ్యా. తెలియకపోతే అది ఉట్టి ‘ఆ’కారం.

మాటలు అక్కడ ఆగలేదు, కానీ ఆ తర్వాతివి ఇద్దరూ ఇంతకుముందు చాలాసార్లు అనుకున్నవే. నా అభిప్రాయం చెబుతానన్నాను. చట్టం సంగతిలో నేను అక్క పక్షం. రావడానికి 2012 దాకా పట్టిన హక్కుని పలుచన చేసే ఏ వాదమైనా, ఎంత మంచి మనసుతో చేసినా, చివరికి కవి జేబుకే చిల్లు పెడుతుంది. పాట సంగతిలో మాత్రం మావయ్యదే గెలుపు. స్టూడియో ఆఫీసులో కూనిరాగాలు వరస బాగుందనే రుజువు చేశాయి. అది ప్రేమ పాట అయ్యింది ఆ మూడు వారాల్లోనే. కాదనే మాటకి ఔననే గొంతులు దొరికాయి, అవి వెతికి తెచ్చినవాళ్లు రికార్డు చేసినవాళ్లు. స్ట్రాబెర్రీ స్టూడియోస్ 1993లో మూతపడింది. రికార్డు మాత్రం దొరుకుతుంది. వినదలచినవాళ్లు ‘ది ఒరిజినల్ సౌండ్‌ట్రాక్’ ఆల్బమ్‌లోని ఆరు నిమిషాల రూపాన్నే వినండి, రేడియో కోసం కోసినదాన్ని కాదు. చవక స్పీకర్లలో ఆ సన్నని పన్నెండు స్వరాలు వినబడవు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.